స్టాన్‌ఫర్డ్ మొదలైంది 1885లోనా, 1891లోనా?

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ గురించి ప్రాజెక్టు కోసం వెతికితే ఒకచోట 1885, ఇంకోచోట 1891 కనిపించిందని, ఏది రాయాలో తేలడం లేదని అడిగారు కదా. రెండూ సరైనవేనండి. 1885 నవంబరులో స్థాపన పత్రం రాశారు, 1891 అక్టోబరు 1న యూనివర్సిటీ తెరిచారు. "1885లో స్థాపన, 1891లో ప్రారంభం" అని రాసేయండి, గొడవ ఉండదు.

తేదీల కన్నా దాని వెనకున్న కథకి ఎక్కువ చోటివ్వండి. లీలండ్, జేన్ స్టాన్‌ఫర్డ్ దంపతుల ఒక్కగానొక్క కొడుకు 1884లో ఇటలీలో టైఫాయిడ్‌తో పదిహేనేళ్లకే పోయాడు. ఆ అబ్బాయి పేరు మీద పెట్టిందే ఇది. అందుకే "లీలండ్ స్టాన్‌ఫర్డ్ జూనియర్ యూనివర్సిటీ" అనే పూర్తి పేరులో ఇప్పటికీ "జూనియర్" ఉంటుంది. 1893లో తండ్రీ పోయాడు. ఆయన రైల్వే కంపెనీ తీసుకున్న అప్పు కింద కోటిన్నర డాలర్లు రావాలని అమెరికా కేంద్ర ప్రభుత్వం ఆయన ఆస్తి మీద దావా వేసింది. 1896లో సుప్రీంకోర్టు తీర్పు అనుకూలంగా వచ్చేదాకా, ఆ తర్వాత కూడా, యూనివర్సిటీని నిలబెట్టింది జేనే. నన్నడిగితే అసలు వ్యవస్థాపకురాలు ఆవిడే. చిత్రమేమిటంటే, 1899లో అమ్మాయిల సంఖ్య 500 దాటకూడదని షరతు పెట్టిందీ ఆవిడే! అది 1933లో పోయింది.

ఆశయం గురించి రెండు ముక్కలు చాలు: మొదటినుంచీ అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి చదవడం, ఏ మతశాఖకీ చెందకపోవడం. 1920 దాకా ట్యూషన్ ఫీజు కూడా లేదు.

మీ ప్రాజెక్టులో సంప్రదాయాల పేజీలో చెట్టుని యూనివర్సిటీ అధికారిక మస్కట్ (గుర్తు బొమ్మ) అని రాశారు, అది మార్చండి. చెట్టు యూనివర్సిటీ బ్యాండు మేళం వాళ్ల మస్కట్. ఆటల జట్ల పేరు "కార్డినల్" అంటే ఎరుపు రంగు, అదే పేరున్న పిట్ట కాదు.