నెల నిండని పాప ఇంకా నవ్వడం లేదు.. ఎదుగుదల సరిగానే ఉందా?

ప్రశ్న: మా పాపకు 24 రోజులు. నెలలు నిండాకే పుట్టింది. పుట్టినప్పుడు 2.9 కిలోలు. ఐదో రోజుకు 2.7కు తగ్గింది. ఇవాళ తూస్తే 3.2 ఉంది. తల్లిపాలే ఇస్తున్నాను. పగలంతా నిద్రే. నిద్రలో నవ్వుతుంది కానీ మెలకువగా ఉన్నప్పుడు ఎంత పలకరించినా నవ్వదు. పేరు పెట్టి పిలిచినా తల తిప్పదు. ఒక్కోసారి మెల్లకన్నులా కనిపిస్తుంది. చిన్న చప్పుడుకే ఉలిక్కిపడి రెండు చేతులూ చాపేస్తుంది. ఎదుగుదలలో లోపం ఉందేమోనని చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

డాక్టర్ సలహా: అమ్మా, మీకు కావాల్సిన జవాబు సగం మీ ప్రశ్నలోనే ఉంది. అది పాప బరువు. పుట్టిన కొద్ది రోజుల్లో ఒంట్లోని అదనపు నీరు పోయి బిడ్డ బరువు కాస్త తగ్గడం మామూలే. పుట్టిన బరువులో 7 నుంచి 10 శాతం దాకా తగ్గి, రెండు వారాలకల్లా మళ్లీ ఆ బరువుకు వస్తారు. మీ పాప తగ్గింది 200 గ్రాములే. ఆ తర్వాత 19 రోజుల్లో అర కిలో పెరిగింది. అంటే రోజుకు దాదాపు 26 గ్రాములు. ఈ వయసులో 20 నుంచి 30 గ్రాములు పెరిగితే చాలు.

బరువుకూ మెదడు ఎదుగుదలకూ ఏం సంబంధం అనుకోకండి. రొమ్ము వెతుక్కుని నోటితో పట్టుకోవడం, చప్పరించడం, మింగడం, మధ్యలో ఊపిరి తీసుకోవడం.. ఇవన్నీ ఒక లయలో సాగితేనే కడుపు నిండుతుంది. నెలలోపు బిడ్డ మెదడు, నరాలు ఎలా పనిచేస్తున్నాయో చూడాలంటే నేను మొదట చూసేది పాలు తాగే తీరునే.

ఇక నవ్వు. నిద్రలో వచ్చేది దానంతట అదే వచ్చే నవ్వు. మిమ్మల్ని చూసి నవ్వే నవ్వు సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలవుతుంది. 24 రోజులకు దాని కోసం చూడటం తొందరే. పేరు గుర్తుపట్టి తిరగడానికైతే ఇంకా నెలలు పడుతుంది. కానీ మీ గొంతు పాపకు కొత్త కాదు, కడుపులో ఉన్నప్పటి నుంచే వింటోంది. ఏడుస్తున్న పాప మీ మాట వినిపించగానే ఒక్క క్షణం ఆగిందా, కళ్లు ఆర్పిందా? ఈ వయసులో అదే పలకడం.

ఒక పని చేసి చూడండి. పాలు తాగాక ఏడవకుండా, కళ్లు తెరుచుకుని ఊరికే పడుకునే నాలుగైదు నిమిషాలు ఉంటాయి. అప్పుడు మీ ముఖం పాప ముఖానికి 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి. పాపకు బాగా కనిపించేది ఆ దూరం వరకే. ఏమీ మాట్లాడకుండా కాసేపు ఆగండి. చూపు అటూఇటూ తిరిగి మీ నుదురు, జుట్టు కలిసే చోట ఆగుతుంది. అప్పుడు మీ తలను మెల్లగా ఓ పక్కకు జరపండి. పాప కళ్లు కాస్త ఆలస్యంగా, తడబడుతూ మీ వెంట వస్తాయి, మధ్యలో జారిపోతాయి. మళ్లీ పట్టుకుంటాయి. కంటి కండరాలకు ఇంకా పట్టు రాలేదు కాబట్టి అప్పుడప్పుడూ మెల్లకన్నులా కనిపించడం మూడు నెలల దాకా మామూలే. ఎప్పుడూ ఒకే కన్ను పక్కకు తిరిగి ఉంటే మాత్రం చూపించాలి.

ఉలికిపాటు లోపం కాదు, ఉండాల్సిన లక్షణం. దాన్ని మోరో రిఫ్లెక్స్ అంటాం. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య అదే పోతుంది. రెండు చేతులూ చాస్తోందని మీరు రాశారు, అది మంచి గుర్తు. ఒక చెయ్యే కదిలి రెండోది కదలకపోతే ఆలోచించాలి. వణుకులా అనిపిస్తే ఆ చేతిని మెత్తగా పట్టుకోండి. పట్టుకోగానే ఆగితే భయం లేదు. పట్టుకున్నా ఆగకుండా కొట్టుకుంటూ, కళ్లు పైకి తేలేస్తుంటే అది ఫిట్స్ కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

రోజుకు 16 గంటల దాకా నిద్రపోవడం ఈ వయసులో సహజం. రాత్రీపగలూ తేడా తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. పడుకోబెట్టేది వెల్లకిలానే. మెలకువగా ఉన్నప్పుడు, మీరు దగ్గరుండి, రెండు మూడు నిమిషాలు బోర్లా వేస్తే మెడకు బలం వస్తుంది.

నిద్ర ఎక్కువైనా పాలకు లేస్తోందా అన్నదే చూడండి. రోజులో 8 నుంచి 12 సార్లు తాగి, కనీసం ఆరుసార్లు మూత్రం పోస్తుంటే సరిపోతున్నట్టే. లేపినా లేవకుండా, రొమ్ము పట్టకుండా, ఒళ్లు వడలిపోయినట్టు ఉంటే అది నిద్ర కాదు. జ్వరం 100.4 ఫారెన్‌హీట్ లేదా అంతకంటే ఎక్కువ ఉన్నా, ఒళ్లు చల్లబడినా, డొక్కలు ఎగరేస్తున్నా, నిమిషానికి 60 సార్ల కంటే ఎక్కువ ఊపిరి తీస్తున్నా రాత్రయినా సరే ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇంట్లో మందు వేసి తెల్లారేదాకా చూద్దామనుకునే వయసు కాదిది. రెండు వారాలు దాటినా కళ్లు, ఒళ్లు పచ్చగానే ఉంటే రక్తపరీక్ష చేయించాలి.

పాపకు వినికిడి పరీక్ష చేశారో లేదో మీరు రాయలేదు. చప్పుడుకు ఉలిక్కిపడుతోంది కదా అని దాన్ని వదిలేయొద్దు. చెవిలో చిన్న గొట్టం పెట్టి నిమిషాల్లో చేసే ఓఏఈ పరీక్ష ఇది, నొప్పి ఉండదు. చేయించకపోయి ఉంటే నెల నిండేలోపే చేయించండి. రెండు నెలలు దాటాక కూడా పాప మీ ముఖం చూడకపోయినా, నవ్వకపోయినా పిల్లల డాక్టర్‌కు చూపించండి.