గ్రీటింగ్ కార్డుల కోసం గాజులు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మాది విజయనగరం. మావారు ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేస్తారు. పెళ్లికార్డులు కోయగా మిగిలిన అట్టముక్కలు, రంగు కాగితాలు ఇంటికి తెస్తే వాటితో గ్రీటింగ్ కార్డులు చేస్తున్నాను. ఒక్కోటి 30 రూపాయలు. తెలిసినవాళ్లే నెలకి పాతిక దాకా కొంటున్నారు. కాగితం ఖర్చు లేదు కాబట్టి అంతా లాభమే. గాజులు తాకట్టు పెట్టి 40,000 తెచ్చి కటింగ్ మెషీన్ కొంటే వ్యాపారం పెరుగుతుందా?

జవాబు: గాజులు ఇప్పుడే తియ్యకండమ్మా. ముందు ఆ ‘అంతా లాభమే’ దగ్గర కాసేపు ఆగుదాం.

కాగితం విషయంలో మీ మాట దాదాపు నిజమే. 300 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే అట్ట, ఏ4 షీటు 19 గ్రాములు కూడా తూగదు. షీటుకి రెండు మడత కార్డులొస్తాయి. తరుగు పోయినా కిలో ముక్కల్లో 70, 80 కార్డులు చేసుకోవచ్చు. కానీ కవరు, జిగురు, రిబ్బను, పైన వేసే ప్లాస్టిక్ సంచి కలిపి 8 రూపాయలు అనుకోండి. మిగిలేది 22. ఒక కార్డుకి ముప్పావుగంట పట్టిందంటే మీ గంట కష్టానికి 30 రూపాయలు కూడా రావడం లేదు. మీరు రాయని ఖర్చు ఇదే. ఒకసారి ఫోన్‌లో టైమ్ పెట్టుకుని చూడండి.

ఇప్పుడు అప్పు. నూటికి రూపాయి వడ్డీ అనుకున్నా 40,000కి ఏడాదికి 4,800. నెలకి 25 కార్డుల చొప్పున ఏడాదంతా చేస్తే మీకు మిగిలేది 6,600. అందులో వడ్డీ పోను 1,800 ఉంటుంది. దాంతో అసలు ఎప్పటికి తీరుతుంది, గాజులు ఎప్పుడు ఇంటికొస్తాయి?

పైగా మీ ముక్కలు తలో సైజులో ఉంటాయి. మెషీన్‌కి ఒకే కొలత షీట్లయితేనే పని సాఫీగా సాగుతుంది. దానికోసం షీట్లు కొనడం మొదలుపెడితే మీకున్న ఒకే ఒక్క సౌకర్యం, అంటే చవక ముడిసరుకు, పోయినట్టే. అసలు టైమంతా తినేసేది అతికించే పని, కోత కాదు.

నా ఉద్దేశంలో అసలు చిక్కు గిరాకీది. పుట్టినరోజు శుభాకాంక్షలు వాట్సాప్‌లో పంపే రోజుల్లో కార్డు కొనేవాళ్లు కొద్దిమందే. చదివింపుల కవరు సంగతి వేరు. నూట పదహార్లైనా, వెయ్యిన్నూట పదహార్లైనా చేతికి ఊరికే ఇవ్వరు కదా! పైన రూపాయి బిళ్ల అతికించి, మీ ముక్కలతోనే పువ్వో దీపమో పెట్టి పది కవర్ల కట్టలుగా అమ్మి చూడండి. నాణెం ఖర్చుతో సహా అన్నీ పోను కవరుకి 10 మిగిలి, గంటకి ఐదు చేయగలిగితే ఇప్పటికన్నా నయం. ఆషాఢంలో, మూఢాల్లో పెళ్లిళ్లుండవు, అప్పుడు సరుకు చేసి పెట్టుకోవచ్చు. మరీ సన్నని ముక్కలు రిటర్న్ గిఫ్టుల ట్యాగులకి సరిపోతాయి. సిరిమానోత్సవానికి స్టాల్ పెట్టే ఆలోచన వస్తుందేమో, నేనైతే పెట్టను. అమ్మవారి పండగకొచ్చిన జనం తిండికీ పిల్లల బొమ్మలకీ తీస్తారు గానీ కార్డులకి డబ్బు తీయరు.

ఈ డబ్బుకి వేరే సేవింగ్స్ ఖాతా పెట్టుకోండి, ఇంటి ఖర్చుల్లో కలిస్తే లెక్క తెలియదు. వరసగా మూడు నాలుగు నెలలు చేయలేక ఆర్డర్లు వదులుకునే పరిస్థితి వస్తే అప్పుడు మెషీన్ గురించి మాట్లాడుకుందాం. అప్పుడైనా ముందు డ్వాక్రా సంఘంలో అడగండి. చిన్న వ్యాపారాలకి అప్పులిచ్చే కేంద్ర ముద్ర పథకంలో శిశు అనే తరగతి కింద 50,000 దాకా తాకట్టు లేకుండానే ఇస్తారు. ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాన్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవడం, ఆధార్‌తో ఉచితంగా అవుతుంది, ఎవరికీ ఫీజు కట్టకండి. మన రాష్ట్రంలోనే అమ్ముకుంటే జీఎస్టీ టెన్షన్ కూడా అక్కర్లేదు, సరుకు అమ్మకాలు ఏడాదికి 40 లక్షలు దాటితేనే ఆ మాట.

మరొకటి. ఆ ముక్కలు ప్రెస్ ఓనరుగారివి. పాత కాగితాలవాళ్లకి ఆయన కిలో లెక్కన అమ్ముతూ ఉండొచ్చు. మీవారు ఆయనకి చెప్పే తెస్తున్నారో లేదో మీరు రాయలేదు. ఇన్నాళ్లూ సంచిలో కొద్దిగా తెచ్చారు సరే, పని పెరిగితే అదే మాటపడే విషయమవుతుంది. ఈ నెలలోనే ఆయన్ని అడిగి, బయట ఇచ్చే రేటే తామూ ఇస్తామని చెప్పి తూకం వేయించుకోమనండి. కార్డుకి పావలా, అర్ధ రూపాయి కన్నా ఎక్కువ పడదు. ఓ చీటీ మీద తూకం, డబ్బు రాయించుకుంటే చాలు.