మర తుడవడానికి ట్యాపా, చేజరా?

ప్రశ్న: ఇంజన్ బ్లాకులో ఎం10 (10 మిల్లీమీటర్ల వ్యాసం) బోల్టు రంధ్రాలు తుప్పుతో, పాత థ్రెడ్ లాకర్ జిగురుతో పూడుకుపోయాయి. బోల్టు చేత్తో రెండు చుట్లు కూడా దిగడం లేదు. ట్యాప్ సెట్టు ఉంది కదా, ఒకసారి తిప్పేస్తే పోదా? చేజరు విడిగా కొనాలా?

జవాబు: కొనండి. చూపుకు రెండూ కవలల్లా ఉన్నా పనులు వేరు. మర లేని రంధ్రంలో కొత్తగా మర కోయడానికి పుట్టింది ట్యాపు. దాని అంచు కత్తి. తుప్పేదో మంచి లోహమేదో దానికి పట్టదు, అడ్డొచ్చినదల్లా కోస్తుంది. చేజరు పళ్లకు అంత పదును ఉండదు. అది మురికిని గీకి బయటికి తోస్తుంది, ఒరిగిన మరను నొక్కి మళ్లీ దారిలో పెడుతుంది. లోహం పోయేది చాలా తక్కువ.

ట్యాపుతో అసలు ప్రమాదం మొదటి చుట్టులోనే. కొన సన్నగా చెక్కి ఉంటుంది కాబట్టి పాత గాడిలో పడకుండా, రెండు గాడుల మధ్య కొత్త దారి కోసుకుంటూ పోగలదు. అల్యూమినియంలో అయితే ఆ తేడా చేతికి కూడా తెలియదు. మెత్తగా దిగుతోందని సంబరపడేలోగా మర పోయి ఉంటుంది.

ముందు పిచ్, అంటే పక్కపక్క మర శిఖరాల మధ్య దూరం, తేల్చుకోండి. ఎం10 అనగానే 1.5 అనుకోవద్దు, 1.25 కూడా వాడుకలో ఉంది. పిచ్ గేజ్ లేకపోతే ఆ రంధ్రంలోంచి వచ్చిన బోల్టు మీద ఒక మర శిఖరం నుంచి లెక్క మొదలుపెట్టి, పదో ఖాళీ దాటాక వచ్చే శిఖరం దాకా కొలవండి. 15 మిల్లీమీటర్లు వస్తే 1.5, పన్నెండున్నర వస్తే 1.25.

రంధ్రంలో బ్రేక్ క్లీనర్ కొట్టి, నైలాన్ బ్రష్షు తిప్పి చూడండి. చాలాసార్లు పని అక్కడితోనే అయిపోతుంది, చేజరు అక్కరే రాదు. అవ్వకపోతే చేజరు గాడుల నిండా గ్రీజు పట్టించండి, రజను దానికే అంటుకుని బయటికొస్తుంది. నిటారుగా నిలబెట్టి, నొక్కకుండా, ముందు ఎడమవైపు తిప్పండి. ఒకచోట చిన్నగా టక్కుమని కిందికి పడుతుంది. పాత మర మొదలు అదే. అక్కడి నుంచి కుడివైపుకు తిప్పండి. బిగుసుకుంటే బలం పెట్టొద్దు. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి నడిపించండి. చేజరు రెండు మూడు చుట్లు చేతివేళ్లతోనే దిగాలి. మొదటి చుట్టుకే పానా కావాల్సి వస్తోందంటే దారి తప్పినట్టే, బయటికి తీసేయండి.

చివరి మాట అడుగు మూసిన రంధ్రాల గురించి. అడుగున నూనెగానీ క్లీనర్‌గానీ నిలిచి ఉండగా బోల్టు బిగిస్తే ఆ ద్రవానికి పోయే దారి ఉండదు. ఆ ఒత్తిడికి పోత లోహం పగిలిన సందర్భాలున్నాయి. కంటికి అద్దాలు పెట్టుకుని, గుడ్డ అడ్డం పట్టి, గాలి కొట్టి పూర్తిగా ఆరబెట్టండి.

ప్రశ్న: చేజరు దొరకలేదు. బోల్టునే కోసి చేసుకోవచ్చంటున్నారు, నిజమేనా?

జవాబు: నిజమే, బాగానే పనిచేస్తుంది. అదే సైజు, అదే పిచ్, తల మీద 10.9 లేదా 12.9 అని (గట్టి ఉక్కుకు గుర్తు) ఉన్న బోల్టు తీసుకోండి. వైసులో పట్టి, కొన నుంచి మర పొడవునా మూడు గాట్లు పెట్టండి. గాటు మర అడుగు కన్నా కొంచెం లోతుకు దిగాలి, రజను చేరే చోటు అదే. కొనలో మొదటి రెండు మరలను ఆకురాయితో కాస్త ఏటవాలు చేయండి. గాటు పక్కన లేచిన పొరలు తీయడం మరిచిపోవద్దు. వాటిని వదిలేస్తే మీరు చేసింది చేజరు కాదు, నాసిరకం ట్యాపు. తుప్పుకీ జిగురుకీ ఇది చాలు. గట్టి ఉక్కు నట్టులో మర నలిగి ఉంటే మాత్రం ముందు అరిగేది మీ బోల్టే.

ప్రశ్న: స్టడ్డు (తల లేని మర కడ్డీ) కొన సుత్తి దెబ్బకు నలిగి నట్టు ఎక్కడం లేదు. డై (బోల్టు మీద మర కోసే పనిముట్టు) తిప్పేదా?

జవాబు: నలిగింది కొనలోని రెండు మూడు మరలే అయితే డై ఎందుకు? మూడు పలకల సన్న ఆకురాయి చాలు. దాని మూల 60 డిగ్రీలు, మెట్రిక్ మర కోణమూ అంతే కాబట్టి గాడిలో సరిగ్గా కూర్చుంటుంది. పాత బ్రిటిష్ విట్‌వర్త్ మర 55 డిగ్రీలు, అక్కడ వాడొద్దు. నలిగిన భాగం ఎక్కువైతే థ్రెడ్ ఫైలు తీసుకోండి. దాని పళ్లలో కొన్ని మంచి మర మీద, కొన్ని చెడిన మర మీద పడేలా పట్టి లాగితే మంచి మరే దారి చూపిస్తుంది.

మామూలు కోత డై వద్దనడానికి కారణం ఉంది. బోల్టులూ స్టడ్డులూ ఎక్కువగా రోలింగ్‌తో తయారవుతాయి. లోహం నొక్కుడు పడి మర పైపొర గట్టిపడి ఉంటుంది. డై ఆ పొరనే గీకేస్తుంది. డై వాడక తప్పకపోతే మర బాగుచేయడానికి చేసే ఆరు పలకల డై నట్టు తీసుకోండి, పానాతో తిరుగుతుంది. స్టీరింగ్, బ్రేకు బోల్టులయితే ఈ మరమ్మతులేవీ వద్దు, కొత్తవి వేయండి.

ప్రశ్న: చేజరు తిప్పాక బోల్టు హాయిగా దిగింది గానీ, బిగిస్తే తిరుగుతూనే ఉంది.

జవాబు: మర అంతకుముందే పోయింది, మురికి దాన్ని దాచింది. లేని లోహాన్ని ఏ చేజరూ తేలేదు. ఆ రంధ్రంలో తీగచుట్ట ఇన్సర్టు (కొత్త మరగా పనిచేసే తీగ చుట్ట) వేయించండి.