పాప స్నానమంటే ఏడుస్తోందా? ఏడుపు ఎక్కడ మొదలవుతోందో చూడండి

మీ పాపకి 14 నెలలని, ఇన్నాళ్ళూ హాయిగా నీళ్ళు పోయించుకున్న పిల్ల ఇప్పుడు బాత్రూమ్ గడప దగ్గరే గుక్కపట్టి ఏడుస్తోందని రాశారు. నాలుగు రోజులు గట్టిగా పట్టుకుని పోసేస్తే అదే అలవాటవుతుందని మీ అత్తగారు అంటున్నారట. ఇద్దరు పిల్లల తల్లిగా చెప్తున్నాను, దయచేసి అలా చేయకండి. ఏడాది దాటాక ఈ భయం చాలామంది పిల్లలకి వస్తుంది, దానంతట అదే పోతుంది కూడా. బలవంతం చేస్తే మాత్రం పాతుకుపోతుంది.

ముందు దేనికి భయపడుతోందో కనిపెట్టాలి. మా పిల్లలిద్దరికీ ఇంచుమించు ఒకే వయసులో ఏడుపు మొదలైంది గానీ కారణాలు వేరు. బాబుకి పంపు చప్పుడంటే భయం. టైల్స్ వేసిన చిన్న బాత్రూమ్‌లో ఖాళీ బకెట్లో నీళ్ళు పడుతుంటే ఆ మోత పెద్దవాళ్ళకే చికాగ్గా ఉంటుంది. బకెట్ ముందే నింపి, పంపు కట్టేశాక వాణ్ణి లోపలికి తీసుకెళ్ళేదాన్ని. దాంతోనే సగం ఏడుపు తగ్గింది. మా పాప సంగతి వేరు. ఒంటి మీద ఎన్ని నీళ్ళు పోసినా నవ్వుతూనే ఉండేది. చెంబు మెడ దాటి పైకి లేచిందంటే చాలు, నా కొంగు రెండు చేతులా పట్టుకుని వదిలేది కాదు.

మీరూ ఒకటి రెండు రోజులు గమనించండి. గడప దగ్గరా, బట్టలు విప్పినప్పుడా, జారే తడి నేల మీద నిలబెట్టినప్పుడా, తల మీద పోసినప్పుడా? ఒళ్ళు కూడా ఒకసారి చూడండి. మెడ మడతల్లోనో, డైపర్ ఒరుసుకున్న చోటో ఎర్రగా ఉంటే నీళ్ళు తగలగానే మంట పుడుతుంది. చెవి మాటిమాటికీ లాక్కుంటున్నా, జ్వరం ఉన్నా డాక్టర్‌కి చూపించండి.

తల మీద పోసేటప్పుడే ఏడుస్తుంటే ఆ పని మీ అత్తగారికే బాగా తెలిసుంటుంది. పాతకాలం వాళ్ళు పీట మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని బిడ్డకి పోసేటప్పుడు ఎడమ చెయ్యి ఎక్కడ పెట్టేవారో చూశారా? నుదుటి మీద చూరులా అడ్డం పెట్టి, నీళ్ళు వెనక్కి జారేలా పోసేవారు. కళ్ళలోకి చుక్క రాదు. ఆవిణ్ణి అడిగి నేర్చుకోండి. లేదా పాపని మీరు ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆవిడ చేతే పోయించండి, ఇద్దరి మధ్యా మాట పట్టింపూ ఉండదు.

పాదాలతో మొదలుపెట్టండి. తర్వాత మోకాళ్ళు, పొట్ట, వీపు. పోసే ముందు ప్రతిసారీ "కాళ్ళకి లాల, పొట్టకి లాల" అని చెప్తూ పోయండి. ఏం జరగబోతోందో తెలిస్తే పిల్లలు ఉలిక్కిపడరు. తల ఆఖర్న, అదీ రోజూ అక్కర్లేదు. వారానికి రెండుసార్లు తలంటితే చాలు. కుంకుడు రసం ఈ వయసులో వద్దే వద్దు. ఒక్కసారి కళ్ళలో పడిందంటే ఆ మంట వాళ్ళకి చాన్నాళ్ళు గుర్తుంటుంది. సున్నిపిండి పెట్టినా గరుగ్గా రుద్దకండి.

ఆఖరి చెంబు నీళ్ళు తల చుట్టూ తిప్పి "శ్రీరామరక్ష, నూరేళ్ళాయుష్షు" అంటాం కదా, అది నాకు చాలా ఇష్టమైన అలవాటు. మా పాపకి ఆ మాట వినపడితే స్నానం అయిపోయినట్టే. ఎంత ఏడుస్తున్నా అది అనగానే తువ్వాలు వైపు చేతులు చాచేది. మీ ఇంట్లో ఏ మాట అంటారో రోజూ అదే అనండి. అన్నాక మాత్రం ఇంకో చెంబు పోయకూడదు, నమ్మకం పోతుంది.

స్నానంతో సంబంధం లేని వేళ బాల్కనీలో ఒక పళ్ళెంలో నీళ్ళు, చిన్న గ్లాసు పెట్టి కూర్చోబెట్టండి. బొమ్మకి తనే లాల పోయనివ్వండి, మీ చేతుల మీద పోయనివ్వండి. పోసే అధికారం తన చేతికొస్తే భయం దానంతట అదే సడలుతుంది. మరీ మొండికేసిన రోజు తడిగుడ్డతో ఒళ్ళు తుడిచేయండి, కొంపలేం మునగవు.

మీ చెల్లెలి నెల బిడ్డ గురించి కూడా అడిగారు. మొదటి మూడు నాలుగు నెలలు పడిపోతున్నట్టు అనిపిస్తే చాలు, పిల్లలు చేతులు విదిలించి ఏడుస్తారు. ఛాతీ మీద పల్చటి నూలుగుడ్డ కప్పి, దాని మీదుగానే నెమ్మదిగా పోస్తే స్థిమితంగా ఉంటారు. ముక్కులో ఊదడం, చెవుల్లో నూనె చుక్కలు వేయడం వద్దని చెప్పండి.

నీళ్ళు 37 డిగ్రీలు, అంటే ఒంటి వేడంత ఉండాలి. బకెట్లో ముందు చన్నీళ్ళు పోసి, తర్వాత వేడినీళ్ళు కలిపి, మోచేత్తో చూడండి. అరచేతికి అంత తేడా తెలియదు.

భయం పోయాక జాగ్రత్త ఇంకా పెరగాలి. నీళ్ళు రుచి మరిగిన పిల్ల తనంతట తానే బకెట్ దగ్గరికి వెళ్తుంది. ఈ వయసులో తల బరువెక్కువ, లోపలికి తొంగిచూస్తే ముందుకు పడిపోతారు, రెండు అంగుళాల నీళ్ళు కూడా ప్రమాదమే. స్నానం అవగానే బకెట్ బోర్లించి తలుపు గడియ పెట్టేయండి. మధ్యలో ఫోన్ మోగినా, కుక్కర్ కూత వేసినా పాపని ఎత్తుకునే బయటికి రండి.