కడుపుతో ఉన్నప్పుడు డబుల్ ఎక్స్‌ఎల్ కొనొద్దు, ఇలా కుట్టుకో

అమ్మడూ,

నీ మెసేజ్ చూశాను. ఐదో నెలకే కుర్తీలన్నీ పొట్ట దగ్గర పట్టేస్తున్నాయి, షాపులో మెటర్నిటీ డ్రెస్ అంటే చాలు రేటు మండిపోతోంది, అమ్మ ఇచ్చిన మిషన్ ఇంట్లోనే ఉంది కదా, నేనే కుట్టుకోనా పెద్దమ్మా అని అడిగావు. నిక్షేపంగా కుట్టుకో. దిండు గలీబులు, నైటీలు కుట్టిన చేతికి ఇది పెద్ద విద్యేం కాదు.

ఒక్క సంగతి మాత్రం ముందే బుర్రలోకి ఎక్కించుకో. కడుపుతో ఉన్నప్పుడు మనిషి అన్ని వైపులా ఒకేలా పెరగదు. భుజం ఎంతుందో అంతే ఉంటుంది. ఛాతీ పెరుగుతుంది, దాని కింద పక్కటెముకలు కాస్త విచ్చుకుంటాయి, అక్కణ్ణుంచి పొట్ట ముందుకు వస్తుంది. ఇది ఆలోచించకుండా అందరూ వెళ్ళి డబుల్ ఎక్స్‌ఎల్ కొనుక్కొస్తారు, భుజాలు జారిపోతాయి, చంకల దగ్గర గుడ్డ వేలాడుతుంది, ముందు అంచు మాత్రం పొట్ట మీదకి ఎగేసుకుని ఉంటుంది. నువ్వు కుట్టుకునేది డబ్బు మిగలడానికి మాత్రమే కాదు, పెరిగే చోటే లూజు పెట్టుకోవడానికి.

గుడ్డ ముందు చూద్దాం. నీకు తొమ్మిదో నెల వచ్చేసరికి ఏప్రిల్ ఎండలు, కాబట్టి కాటనే. పాలిస్టర్ కలిసింది ఎంత నచ్చినా తీసుకోకు, చెమట పీల్చదు, పొట్ట మీద చర్మం సాగి అసలే దురద పెడుతుంటే ఇంకా చిరాకు. ఆఫీసుకి మంగళగిరి కాటన్ బాగుంటుంది, నిలబడుతుంది కాబట్టి పై భాగం నీటుగా వస్తుంది. ఇంట్లోకి పలచటి మెత్తటి మల్మల్ కాటన్. 44 అంగుళాల పన్నా, అంటే గుడ్డ వెడల్పు, అయితే మోకాలు దాటిన కుర్తీకి మూడు మీటర్లు తీసుకో. తెచ్చిన గుడ్డని రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పిండకుండా ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పెట్టు. కాటన్ మీటరుకి మూడు నాలుగు సెంటీమీటర్లు తగ్గడం మామూలే, కుట్టాక తగ్గితే చేసేదేం లేదు. ముదురు రంగుల్ని విడిగా నానబెట్టు.

ఇక కటింగ్. నీకు భుజం సరిగ్గా కూర్చునే పాత కుర్తీ ఒకటి తీసి మెడ, భుజం, చంక ఉన్నదున్నట్టు గీసుకో, అక్కడ ఒక్క పాయింటు కూడా పెంచొద్దు. ఇప్పుడు ఛాతీ కింద ఒక నాడా కట్టుకుని అద్దం ముందు నిలబడి, భుజం మీద నుంచి ఛాతీ మీదుగా నాడా దాకా టేపు పెట్టించుకో. ఎంత వచ్చిందో దానికి ఒక అంగుళం కలుపు, ఎందుకంటే ఛాతీ నిండేకొద్దీ గుడ్డ పైకి లాగేస్తుంది. చుట్టుకొలతకి నాలుగు అంగుళాలు లూజు, అంటే నాలుగు మడతల మీద గీసేటప్పుడు ఒక్కో అంగుళం. కుట్టుకి వదిలేది వేరే, పక్కల రెండేసి అంగుళాలు లోపల ఉంచి, మన టైలర్లు జాకెట్టుకి వేసినట్టు మూడు వరసల కుట్లు వెయ్యి. బిగుతైనప్పుడల్లా లోపలి వరస ఒకటి విప్పుకుంటే సరిపోతుంది.

నాడా గీత కింద నుంచి గుడ్డ వదిలెయ్యాలి. ముందు ముక్కకి పూర్తి పన్నా, వెనక ముక్కకి ముప్ఫై అంగుళాల దాకా చాలు. కుచ్చులు చుట్టూ సమానంగా పెడితే గుడారంలా ఉంటుంది. ముందు మధ్యలో దట్టంగా, పక్కలకి పోయేకొద్దీ పలచగా, వెనక రెండే ప్లీట్లు, అంతే. మిషన్ మీద కుట్టు పెద్దది పెట్టి రెండు వరసలు వేసి బాబిన్ దారం లాగితే కుచ్చు ఎక్కడ కావాలంటే అక్కడికి జరుగుతుంది. ముఖ్యమైనది ఇంకోటి, ముందు ముక్క అంచు మధ్యలో రెండంగుళాలు పొడుగ్గా ఉంచి పక్కలకి వచ్చేసరికి మామూలు పొడుగులో కలిపెయ్యి. ఇప్పుడు వేసుకుంటే ముందు కాస్త దిగినట్టు అనిపిస్తుంది, ఎనిమిదో నెలలో చూసుకో, చుట్టూ సమానంగా ఉంటుంది.

కాన్పు తర్వాత కూడా పనికొచ్చేలా కుట్టకపోతే ఇంత శ్రమా నాలుగు నెలలకే. అందుకని బిడ్డకి పాలివ్వడానికి వీలుగా పై భాగంలో రెండు పక్కలా నిలువుగా ఏడు ఎనిమిది అంగుళాల జిప్పులు పెట్టు. చోటు పుస్తకం చూసి గీయకు, పిన్నులతో తాత్కాలికంగా జతచేసి వేసుకుని, కూర్చుని, బిడ్డ ఎక్కడ ఆనుతుందో ఊహించుకుని సుద్దతో గుర్తు పెట్టు. నైలాన్ జిప్పే తీసుకో, ఇత్తడిది వద్దు. జిప్పు వెనక అంగుళం వెడల్పు మెత్తటి గుడ్డ పట్టీ వేసి, కింది గట్టి కొసని దాని లోపల దాచేసి నాలుగు చేతికుట్లు వెయ్యి, లేకపోతే నీకూ గుచ్చుకుంటుంది, పాపాయి బుగ్గకీ రాసుకుంటుంది. నైటీలకీ ఇదే పద్ధతి.

ప్యాంటుకి కొత్తది కుట్టే పని లేదు. ఉన్న కాటన్ ప్యాంటు నడుము పట్టీ విప్పేసి, ముందు మధ్యలో మూడంగుళాలు కిందికి వంపు తిప్పి కోసి, అక్కడ నుంచి చుట్టూ పాత లైక్రా లెగ్గింగ్ పైభాగం ఎనిమిది తొమ్మిది అంగుళాల ఎత్తున అతికించు. సాగే వైపు అడ్డంగా రావాలి, నిలువుగా పెడితే దండగ. పొట్ట కొలత ఎంతో అంతే ఉంచు, ఎక్కువైతే జారుతుంది. సూది మార్చు, సాగే గుడ్డకి బాల్ పాయింట్ సూది వేరే ఉంటుంది, కాటన్‌కి వాడే పద్నాలుగో నంబరుతో కుడితే చిల్లులు పడతాయి. నీ మిషన్‌కి జిగ్‌జాగ్ లేదు కాబట్టి గుడ్డని కొద్దిగా సాగదీసి పట్టుకుని కుట్టు, అప్పుడే దారం తెగదు.

చీర కట్టుకునే రోజులకి లంగా నాడా తీసెయ్. ఆ సన్నటి తాడు బిగించి కట్టి కట్టి నడుము ఒరుసుకుపోయి నల్లగా మచ్చలు పడ్డ ఆడవాళ్ళు మన ఇంట్లోనే ఉన్నారు. స్కూలు పిల్లల ప్యాంట్లలో వచ్చే కాజాల ఎలాస్టిక్ అడుగు, రెండంగుళాల పట్టీ కుట్టి అందులో దూర్చి లోపల బొత్తాం పెట్టు, వారం వారం ఒక్కో కాజా వదులు చేసుకోవచ్చు. సీమంతం జాకెట్టు మాత్రం ఇప్పుడే కుట్టేయకు. ముహూర్తం పది రోజులుందనగా కొలతలు తీసుకో, హుక్కులు ముందు వైపే పెట్టు, వెనక హుక్కుల డిజైన్ల జోలికి పోకు.

ఇవన్నీ ఒక్కసారి నెత్తిన పెట్టుకోవద్దు తల్లీ. మూడు కుర్తీలు, రెండు నైటీలు, ఆ ప్యాంట్లు, ఒక లంగా, ఇంత చాలు, అదీ ఏడో నెలలోపు. ఆ తర్వాత మిషన్ ముందు వంగి కూర్చోవడం కష్టం, పాదాలు వాస్తాయి. నేల మీద గుడ్డ పరిచి కోయకు, భోజనాల బల్ల మీద నిలబడి కోసుకో. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యి. గ్రహణం రోజు కత్తెర పట్టొద్దని మీ అత్తయ్యగారు అంటే వాదన పెట్టుకోకు, ఒక్క రోజు కుట్టకపోతే ఏం కాదు, ఆవిడ టెన్షన్ తగ్గుతుంది. పిన్నులకి ఒక అయస్కాంతం దగ్గర పెట్టుకో, కింద పడినవాటి కోసం వంగక్కర్లేదు.

మొదట మల్మల్‌తో నైటీ కుట్టు, అందులో చెయ్యి తిరిగాక మంగళగిరి గుడ్డ ముట్టుకో. జిప్పు దగ్గర గానీ లెగ్గింగ్ ముక్క దగ్గర గానీ ఆగిపోతే విప్పి పారెయ్యకుండా అలాగే ఉంచి వీడియో కాల్ చెయ్యి, మధ్యాహ్నం మూడు దాటాక నేను ఖాళీయే.

మీ పెద్దమ్మ