ఫైలు సగంలో ఎందుకు నీరసిస్తుంది?

ప్రశ్న: పర్లాకిమిడిలో జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణం నడుపుతున్నాను. నెట్ మొబైల్ డాంగిల్ మీదే. సాయంత్రం వేళ, అందులోనూ వాన పట్టినప్పుడు, రెండు ఎంబీల పీడీఎఫ్ అప్‌లోడ్ చేస్తుంటే మొదట చకచకా వెళ్లి సగంలో నీరసిస్తుంది. అదే సమయంలో మా అబ్బాయి వీడియో కాల్ బొమ్మ చెదురుతూనే అయినా సాగిపోతుంది. ఇంత అవస్థపడి చేరిన ఫైలులో ఒక్క అక్షరమూ పోదు. ఎందుకిలా?

— ఒక పాఠకుడు, గజపతి జిల్లా

జవాబు: టీసీపీ అనే నియమావళి మీ ఫైలును దాదాపు 1,460 బైట్ల ముక్కలుగా కోస్తుంది గనుక, రెండు ఎంబీలంటే సుమారు 1,400 ముక్కలు. ఎంతవరకు అందిందో అవతలి సర్వరు రసీదులు పంపుతూ ఉంటుంది. 700వ ముక్క దారిలో పోయి, ఆ తరువాతి మూడూ చేరాయనుకోండి. సర్వరు ప్రతిసారీ 700వది ఇంకా రాలేదనే చెబుతుంది. అదే రసీదు అదనంగా మూడుసార్లు రాగానే, మీ కంప్యూటరు గడువు తీరేదాకా ఆగకుండా ఆ ముక్కను మళ్లీ పంపుతుంది. వీడియో కాల్ సాధారణంగా, రసీదుల కోసం చూడని యూడీపీ అనే మరో నియమావళి మీద నడుస్తుంది. పోయినదాని కోసం ఆగితే మాట వెనకబడుతుంది కనుక దాన్ని వదిలేసి సాగుతుంది.

ఇక నీరసం సంగతి. 1986 అక్టోబరులో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, అక్కడి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికీ మధ్య, కేవలం 400 గజాల దూరంలో, సెకనుకు 32,000 బిట్ల వేగం 40 బిట్లకు పడిపోయింది. పోయిన ముక్కలను అందరూ మళ్లీ మళ్లీ పంపడమే రద్దీని ఇంకా పెంచింది. దీనికి కంప్యూటరు శాస్త్రవేత్త వాన్ జేకబ్సన్ 1988లో ప్రచురించిన విరుగుడే నేటికీ పునాది: కొద్ది ముక్కలతో మొదలుపెట్టి, రసీదులు వచ్చేకొద్దీ ప్రతి విడతకూ రెట్టింపు చేయడం, ముక్క పోతే సగానికి తగ్గి, అక్కడి నుంచి విడతకొక్కటి చొప్పున పెరగడం. రెట్టింపయ్యే ఈ తొలి దశకు ‘స్లో స్టార్ట్’ అని పేరు పెట్టడం నాకెప్పుడూ విడ్డూరమే. మీరు చూసే చకచక ఇదే; ముక్క పోయాక తగ్గడమే ఆ నీరసం.

చిక్కేమిటంటే, ముక్క పోయిందంటే రద్దీయే కారణమని ఈ పద్ధతి నమ్ముతుంది. గాలిలో సిగ్నల్ చెదిరి పోయిన ముక్కలను టవరు చాలావరకు సరిదిద్దినా, మిగిలినవాటికి మీ కంప్యూటరు అనవసరంగా వెనక్కి తగ్గుతుంది. లినక్స్, విండోస్‌లలో నేడు వాడుకలో ఉన్న క్యూబిక్ అనే పద్ధతి సగానికి బదులు 30 శాతమే తగ్గుతుంది. 2016లో గూగుల్ ప్రకటించిన బీబీఆర్ అనే పద్ధతి అయితే నష్టానికి బదులు దారి సామర్థ్యాన్నీ ఆలస్యాన్నీ కొలుస్తుంది. కానీ అప్‌లోడ్‌లో పంపేది మీ కంప్యూటరే కాబట్టి, అవతలి సర్వరులో బీబీఆర్ ఉన్నా మీకు ఒరిగేదేమీ లేదు.

విసుగెత్తి రద్దు చేసి మళ్లీ నొక్కకండి. చాలా వెబ్‌సైట్లలో ఫైలు మొదటి ముక్క నుంచే మళ్లీ బయలుదేరుతుంది. అక్షరాలు చెదరనంతవరకు స్కానును 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు) నుంచి 150కి దించండి. చుక్కలు నాలుగో వంతుకు తగ్గుతాయి, పంపవలసిన ముక్కలూ బాగా తగ్గుతాయి.