యూరిక్ యాసిడ్ 8.1 అయితే పప్పు మానక్కర్లేదు

పప్పు, టమాటా, పాలకూర మానేసి రెండు నెలలైనా యూరిక్ యాసిడ్ 8.1 దగ్గరే ఉంది, చెన్నైలో ఇంకేం తినాలి అని అడిగారు కదండీ. ముందు పప్పు మళ్లీ మొదలుపెట్టండి. కందిపప్పులో, పాలకూరలో ప్యూరిన్లు (ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారే పదార్థాలు) ఉన్నమాట నిజమే కానీ వాటివల్ల గౌట్ (యూరిక్ యాసిడ్ కీళ్లలో పేరుకుని వచ్చే వాపు, నొప్పి) ముప్పు పెరిగినట్టు కనబడలేదు.

అసలు దొంగ మీ ఆదివారం భోజనంలో ఉన్నాడు: లివర్ వేపుడు, బీరు. బీరులో ప్యూరిన్లూ ఉంటాయి, పైగా ఆల్కహాలు యూరిక్ యాసిడ్‌ను మూత్రంలో సరిగ్గా పోనివ్వదు. ఇక్కడివాళ్లు నెత్తిలి అంటారే, మన నెత్తళ్లు, వాటికీ కవళ్లకీ దూరంగా ఉండండి. నాకైతే బీరు కంటే నెత్తళ్ల వేపుడు వదలడమే కష్టమైంది! కానీ బొటనవేలు వాచి, రాత్రి దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోయినంత పనయ్యాక నోరు కట్టేసుకున్నాను.

కూల్‌డ్రింకులు, ప్యాకెట్ జ్యూసులు కూడా వద్దు, వాటిలోని ఫ్రక్టోజ్ యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది. వెన్న తీసిన మజ్జిగ మంచిది. ఫిల్టర్ కాఫీ మానక్కర్లేదు, చక్కెర తగ్గిస్తే చాలు. ఈ ఎండల్లో నీళ్లు తక్కువ కాకుండా చూసుకోండి. బరువు తగ్గాలని కటిక ఉపవాసాలు మాత్రం చేయకండి, అప్పుడు ఇంకా పెరుగుతుంది.

తిండితో మహా అయితే ఒక పాయింటు తగ్గుతుంది. బీపీకి మూత్రం ఎక్కువయ్యే మాత్ర వాడుతున్నారేమో చూసి డాక్టరుకు చెప్పండి, దానివల్ల కూడా యూరిక్ యాసిడ్ పెరగొచ్చు; కానీ, మీ అంతట మీరు ఆపొద్దు.